ఆ నోటుపుస్తకం నిలబెట్టిన సైకిలు

కాలిఫోర్నియా కొండల్లో తుక్కు సైకిళ్లతో మొదలైన ఓ స్నేహబృందం యాభై ఏళ్లుగా చెదరకుండా నిలిచింది. చక్రాల సైజు మారింది, చట్టాలు మారాయి, ఆనాటి కుర్రాళ్లు తాతల వయసుకు వచ్చారు. అయినా ఆ మౌంటెన్ బైక్ కుటుంబంలోకి ఏటా కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. ఇదెలా సాధ్యమైందో చెప్పే యథార్థ గాథ ఇది.

1976 అక్టోబరు 21, గురువారం

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే మరిన్ కౌంటీ. తమాల్‌పయస్ పర్వతానికి దాపున ఫెయిర్‌ఫాక్స్ అని ఓ చిన్న ఊరు. ఆ ఊరికి పడమటి కొండల్లో ఒక మట్టిదారి ఉంది. అడవికి నిప్పంటుకుంటే ఫైరింజన్లు వెళ్లడానికి వేసిన దారి. రాళ్లు తేలి, వానలకు గాడులు పడి, మలుపు మీద మలుపు తిరుగుతూ రెండు మైళ్ల పొడుగునా 1,300 అడుగులు కిందికి దిగుతుంది. మన లెక్కలో మూడు కిలోమీటర్లు దాటిన దూరానికి నాలుగు వందల మీటర్ల దిగుడు.

ఆ రోజు ఆ దారి నెత్తిన కొందరు కుర్రాళ్లు చేరారు. వారం మధ్యలో, పగటిపూట కొండెక్కే తీరిక ఉన్నవాళ్లు. భుజాల దాకా జుట్లు, ఒంటిమీద జీన్సు ప్యాంట్లు, చేతులకు తోలు గ్లౌజులు. పక్కన వాళ్ల సైకిళ్లు. 1930ల్లో, 40ల్లో ష్విన్ కంపెనీ చేసిన బెలూన్ టైర్ల సైకిళ్లవి. ఒకప్పుడు వీధుల్లో పేపర్లు వేసే కుర్రాళ్లు తొక్కినవి. పాత సామాన్ల మధ్య ఐదు డాలర్లకు దొరికితే తెచ్చుకుని, మడ్‌గార్డులు పీకేసి, అక్కర్లేని రేకులన్నీ విప్పేసి కొండకు తగ్గట్టు చేసుకున్నారు. అంతా చేసినా బరువు ఇరవై కిలోలు దాటేది. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు క్లంకర్.

కొండ దిగడంలో ఎవరు ముందు అన్నది ఆ జట్టులో తెగని వాదన. నేనంటే నేనని ఎంతకాలం అనుకుంటారు? చార్లీ కెల్లీ దానికో ఉపాయం పట్టుకొచ్చాడు. అతను ఓ రాక్ సంగీత బృందానికి సామాన్లు మోసి, వేదిక సర్దే పనిలో ఉండేవాడు. కొండ పైన ఒక గడియారం, కింద ఒక గడియారం. రెంటిలోనూ ఒకే టైము. ఒక్కొక్కరినీ విడివిడిగా పైనుంచి వదలాలి. కిందికి చేరిన టైములోంచి బయల్దేరిన టైము తీసేస్తే వాదన తెగిపోతుంది. ఒకరి వెనక ఒకరు దుమ్ము రేపుకుంటూ ఆ దారిలోకి దూకారు. కింద లెక్క చూస్తే గెలిచింది అలన్ బాండ్స్. ఆ రోజు దారి మధ్యలో పడకుండా కిందికి చేరింది అతనొక్కడే!

ఆ సైకిళ్లకు చేతి బ్రేకులు ఉండేవి కావు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో ఉన్న లోహపు దిమ్మలు విచ్చుకుని లోపలి గోడను ఒరుసుకుంటాయి. చక్రం ఆగుతుంది. వీధుల్లో తిరిగే కుర్రాడికి ఆ బ్రేకు చాలు. రెండు మైళ్ల వాలు మీద ఆగకుండా ఒరుసుకుంటే హబ్బు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. లోపలి గ్రీజు కరిగి, మరిగి, పొగై పోతుంది. కొండ అడుగుకు వచ్చేసరికి వెనక చక్రం నుంచి పొగ, లోపల లోహం లోహాన్ని కొరుకుతున్న కూత. మళ్లీ కొండెక్కాలంటే ఆ చక్రం ఊడదీయాల్సిందే. యాక్సిల్ నట్లు విప్పి, కోన్లు తీసి, బాల్స్ కడిగి, మాడిపోయిన నల్లటి జిడ్డంతా తుడిచి, కొత్త గ్రీజు దట్టంగా కూరాలి. మన సైకిల్ షాపుల్లో ఓవరాయిలింగ్ అంటామే, ఇంచుమించు అదే పని. ఏ ఏడాదికో ఓసారి చేయించే పనిని వాళ్లు కొండ దిగినప్పుడల్లా చేసుకున్నారు. అలా గ్రీజు మళ్లీ కూరడం వల్లే ఆ దారికీ, ఆ పందేనికీ ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది.

పందెం ఒక్కరోజుతో ఆగలేదు. 1984లో చివరిది జరిగేనాటికి మొత్తం 24 పోటీలు. అందులో పది జో బ్రీజ్ గెలిచాడు. కెల్లీతో కలిసి ఒకే ఇంట్లో ఉండే గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. రాళ్ల దారిలో, పొగలు కక్కే బ్రేకుతో, గంటకు సగటున 44 కిలోమీటర్ల వేగం. బ్రీజ్ ఉత్తమ సమయం అంతకు రెండే సెకన్లు ఎక్కువ. ఆ జట్టులో వెండీ క్రాగ్ అనే యువతి కూడా ఉంది. తనూ పోటీలో దిగేది. మిగతా రోజుల్లో కెమెరా పట్టుకుని మలుపులో నిలబడేది. ప్రమాదకరమైన ఓ మలుపుకు ‘కెమెరా కార్నర్’ అన్న పేరే వచ్చేసింది.

ఈ అంకెలు ఇవాళ మనకు ఇంత కచ్చితంగా ఎలా తెలిశాయి? కెల్లీ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎవరు దిగారు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు... పోటీ పోటీకీ అందులో రాసి పెట్టాడు. బహుమతి సొమ్ము లేదు, గుర్తింపు లేదు, చూడ్డానికి వచ్చే జనం లేరు. అయినా రాశాడు. క్రాగ్ ఫొటోలు, కెల్లీ రాతలు... ఈ రెండూ లేకపోతే రీప్యాక్ ఓ ఊరి కుర్రాళ్ల అల్లరిగా మిగిలిపోయేది.

వీళ్లకంటే ముందు...

కొండ సైకిలు ఆలోచన మొదట వచ్చింది ఫెయిర్‌ఫాక్స్ కుర్రాళ్లకు కాదు. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది ఈ సంగతే.

1950ల తొలి సగంలో పారిస్ శివార్లలో ఇరవైమంది దాకా యువకులు తమ సైకిళ్లకు గేర్లు, కుదుపు తట్టుకునే ఫోర్కులు బిగించి బురద దారుల్లో పందేలు వేసుకున్నారు. కొన్నేళ్లకు ఆ జట్టు చెదిరిపోయింది. 1953లో అమెరికాలో జాన్ ఫిన్లీ స్కాట్ అనే విద్యార్థి లావు టైర్లు, తిన్నని హ్యాండిల్, గేర్లు పెట్టి అడవి దారులకు పనికొచ్చే సైకిలు తయారుచేసుకున్నాడు. ఇవాళ మనం చూసే మౌంటెన్ బైక్‌కు మూలమైనవి చాలావరకు అందులో ఉన్నాయి. తోడు తొక్కేవాళ్లే పెద్దగా లేరు. మరిన్ కౌంటీలోనూ రీప్యాక్ కంటే ముందే లార్క్‌స్పర్ కాన్యన్ గ్యాంగ్ పేరుతో మరో జట్టు పాత సైకిళ్లతో తమాల్‌పయస్ కొండ దిగింది.

1974 డిసెంబరు 1, ఆదివారం జరిగిన సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజు మరిన్ కౌంటీలోని మిల్ వ్యాలీలో సైక్లోక్రాస్ పోటీ. బురదలో, గట్ల మీద సన్నటి టైర్ల సైకిళ్లతో తొక్కే పందెం అది. అక్కడికి ముగ్గురు కొత్త కుర్రాళ్లు వచ్చారు. వాళ్లవీ లావు టైర్ల పాత సైకిళ్లే. అయితే వాటికి గేర్లున్నాయి, హ్యాండిల్ మీద బొటనవేలితో తోసి గేరు మార్చే మీటలున్నాయి. వాళ్లది కుపర్టినో. ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలకు తెలిసిన, ఆపిల్ కంపెనీ ఉన్న ఊరే. తమ జట్టుకు మారో డర్ట్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. కెల్లీ, ఫిషర్, బ్రీజ్ వాటిని చూశారు. అప్పటిదాకా మరిన్ కుర్రాళ్లకు ఒకటే కష్టం. కొండ దిగడం సులువే, ఎక్కడానికి మాత్రం సైకిలు తోసుకుంటూ నడవాలి, లేదా ఏ వ్యానులోనో వేసుకెళ్లాలి. ఆ ముగ్గురి సైకిళ్లలో దానికి జవాబు కనిపించింది. ఆ తర్వాత ఫిషర్ తన క్లంకర్‌కు గేర్లు బిగించాడు.

మరి కుపర్టినో జట్టు? చాలా ఏళ్లపాటు వాళ్లెవరో కూడా ఎవరికీ తెలియలేదు. వాళ్ల సైకిళ్లు ఫెయిర్‌ఫాక్స్ సైకిళ్ల కంటే మెరుగైనవి. వాళ్ల ఆలోచన రెండేళ్లు ముందుంది. లేనిదల్లా నలుగురిని పిలిచే పందెం, జరిగింది రాసిపెట్టే మనిషి. పాత సైకిళ్లను ప్రేమించే ప్రతి బృందమూ మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇది. మంచి యంత్రం ఒక్కటే తన కథను తర్వాతి తరానికి చేర్చలేదు. మరొకరిని పిలిచి, చూపించి, చేతికిచ్చి, రాసిపెట్టే మనుషులు కావాలి.

పది సైకిళ్లతో మొదలై...

1977లో జో బ్రీజ్ ఫ్రేము కట్టడానికి పూనుకున్నాడు. అడగ్గా అడగ్గా చేయించుకున్నది కెల్లీ. ఎన్నిసార్లు అతికినా పాత ష్విన్ ఫ్రేములు ఆ కొండ దెబ్బలకు విరిగిపోతున్నాయి మరి. క్రోమోలీ ఉక్కు గొట్టాలతో, కొత్త సామాన్లతో, కొండకోసమే పుట్టిన సైకిలు తయారైంది. మరుసటి ఏడాదికి పది పూర్తయ్యాయి. వాటిని బ్రీజర్లు అన్నారు. తొలి బ్రీజర్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది.

1978లో ఆ కొత్త సైకిళ్లు తీసుకుని మరిన్ జట్టులో ఐదుగురు కొలరాడో బయల్దేరారు. అక్కడ క్రెస్టెడ్ బ్యూట్ అనే పాత గనుల ఊళ్లో ఇంకో జట్టు ఉందని, వాళ్లు రెండేళ్ల క్రితం తుక్కు సైకిళ్ల మీద పెర్ల్ పాస్ దాటి ఆస్పెన్ వెళ్లారని పత్రికలో చదివారు. పెర్ల్ పాస్ ఎత్తు 12,700 అడుగులు. ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే రెండు రాష్ట్రాల్లో ఒకే పిచ్చి పట్టిన వాళ్లు ఆ కొండ మీద కలిశారు. ఆ ఐదుగురిలో వెండీ క్రాగ్ కూడా ఉంది. పెర్ల్ పాస్ యాత్ర ఆ తర్వాత ఏటేటా జరిగే వేడుకైంది. ఒక ఊరి సరదా రెండు ఊళ్ల చుట్టరికంగా మారింది అప్పుడే.

ఇక ఆ తర్వాత అంతా పరుగే. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ఫిషర్, కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ పేరుతో వ్యాపారం మొదలుపెట్టారు. 1953లో ఒంటరిగా అడవి సైకిలు చేసుకున్న జాన్ ఫిన్లీ స్కాట్ అప్పటికి ప్రొఫెసర్ అయ్యాడు. ఈ కుర్రాళ్ల వ్యాపారానికి పెట్టుబడి పెట్టాడు. పాతికేళ్ల తర్వాత ఆయనకు తోడు దొరికింది. 1980లో కెల్లీ, డెనీస్ కారమాన్యో కలిసి ‘ఫ్యాట్ టైర్ ఫ్లయర్’ పత్రిక తెచ్చారు. మౌంటెన్ బైక్ కోసమే వచ్చిన మొదటి పత్రిక అది. 1987 దాకా నడిచింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ పతకాల ఆట అయింది.

కొండ మీద కొత్త బోర్డులు

పేరుతో పాటు చిక్కులూ వచ్చాయి. పదిమంది తిరిగిన దారుల్లో వందలమంది తిరగడం మొదలైంది. నడకకు వచ్చినవాళ్లు, గుర్రాల మీద వచ్చినవాళ్లు మలుపు తిరిగేసరికి ఎదురుగా సైకిలు. భయపడ్డారు, ఫిర్యాదు చేశారు. మరిన్ కౌంటీలో సన్నటి కాలిబాటలు చాలావరకు సైకిళ్లకు మూతబడ్డాయి. వెడల్పాటి మట్టిదారుల్లో గంటకు 15 మైళ్ల పరిమితి పెట్టారు. మలుపుల్లో, మనుషులను దాటేటప్పుడు 5 మైళ్లే. వేగం కొలిచే రాడార్లతో రేంజర్లు కాపు కాశారు. ఫిషర్ సగటున 27 మైళ్ల వేగంతో దూసుకెళ్లిన కొండల్లో ఇప్పుడు సగం వేగానికే జరిమానా. మౌంటెన్ బైక్ పుట్టిన నేల మీదే దానికి చోటు కరువైంది.

ఏ బృందమైనా ఇక్కడే తేలిపోతుంది. మా కాలంలో ఎంత బాగుండేదో అని నిట్టూర్చి ఇళ్లకు వెళ్లిపోవచ్చు. వీళ్లలో చాలామంది ఆ పని చేయలేదు. 1983లో పోటీలకు నియమాలు, బీమా ఉండాలని జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1988లో దారుల హక్కు కోసం అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అందులో కాలిఫోర్నియా క్లబ్బులది పెద్ద పాత్ర. పార, గునపం పట్టుకుని కోసుకుపోయిన బాటలు బాగుచేసే పనికి సైకిలు వాళ్లే దిగారు. దారిలో మనిషి కనిపిస్తే ఆగి, పలకరించి, తప్పుకోవడం కొత్తవాళ్లకు నేర్పారు. 1987లో జాకీ ఫీలన్ అనే చాంపియన్ ఆడవాళ్ల కోసమే ఒక క్లబ్బు పెట్టింది. మగవాళ్ల ధైర్యసాహసాల గొడవ తప్ప మరేమీ వినిపించని చోట, మట్టిలో తొక్కడం నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లకు ఓ ముంగిలి ఏర్పడింది. ఇదంతా సైకిలు తొక్కడం కాదు, నిజమే. కానీ ఇది లేకపోతే తొక్కడానికి దారి మిగలదు, తొక్కే మనుషులూ మిగలరు.

చక్రం మారింది

అన్నిటికంటే పెద్ద పరీక్ష యంత్రం వైపు నుంచి వచ్చింది. పేపర్ కుర్రాళ్ల సైకిళ్లకు ఉన్నది 26 అంగుళాల చక్రం. ముప్ఫై ఏళ్లకు పైగా మౌంటెన్ బైక్ అంటే ఆ సైజే. 1990ల్లో కుదుపు తట్టుకునే ఫోర్కులు మామూలయ్యాయి. తర్వాత డిస్కు బ్రేకులు, కార్బన్ ఫ్రేములు. 2000ల మొదట్లో 29 అంగుళాల చక్రం ముందుకొచ్చింది. దాన్ని అందరికంటే గట్టిగా నెత్తికెత్తుకున్నదెవరో తెలుసా? గ్యారీ ఫిషరే! రీప్యాక్ రికార్డు వీరుడే 26 అంగుళాల చక్రానికి పోటీ తెచ్చాడు. పెద్ద చక్రం రాళ్ల మీద తేలిగ్గా దొర్లుతుందని నమ్మాడు, నలుగురూ నవ్వుతున్నా వదల్లేదు. తర్వాతి దశాబ్దంన్నరలో కొత్త మౌంటెన్ బైకుల్లోంచి 26 దాదాపు కనుమరుగైంది.

అప్పటిదాకా వాడుకలో ఉన్న లక్షల సైకిళ్లు ఒక్కసారిగా పాతబడ్డాయి. గ్యారేజీల్లో మూలకు చేరాయి. వాటిని బయటికి లాగి మళ్లీ నిలబెట్టే వాళ్లే ఇవాళ అమెరికాలో, ఇంగ్లండులో, జర్మనీలో కనిపించే వింటేజ్ మౌంటెన్ బైక్ ప్రియులు. వీళ్ల పని ఎంత ఓపికతో కూడుకున్నదో చెప్పడానికి ఒక్క సీటు రాడ్డు చాలు. ఫ్రేము ఉక్కు, రాడ్డు అల్యూమినియం. పాతికేళ్లు చెమట, వాన నీరు మధ్యలోకి దిగితే రెండు లోహాలూ రసాయనికంగా పట్టేసి ఒకటైపోతాయి. సుత్తితో కొడితే పెయింటు పోతుంది, గొట్టం సొట్ట పడుతుంది. ముందు తుప్పు వదిలించే నూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ రోజుల తరబడి ఆగాలి. తర్వాత రాడ్డును బెంచీ వైస్‌లో బిగించి, ఫ్రేమునే రెండు చేతులతో పట్టి మెల్లగా తిప్పి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఆఖరి ఉపాయం... రాడ్డు పైభాగం కోసేసి, హ్యాక్‌సా బ్లేడును లోపలికి దింపి, అల్యూమినియాన్ని నిలువుగా చీరాలి. బ్లేడు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ దిగితే ఫ్రేము ఉక్కు తెగుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. రంపం మోత మారిందంటే అల్యూమినియం అయిపోయిందని గుర్తు. ఇది పుస్తకం చదివితే వచ్చే పని కాదు. తెలిసినవారి పక్కన నిలబడి చూడాలి, చెయ్యి పెట్టాలి. అలా నేర్చుకునే కుర్రాళ్లు పక్కన లేకపోతే ఆ విద్య ఆ చేతులతోనే పోతుంది.

ఈ బృందాల్లో ఇప్పుడు నడుస్తున్న పెద్ద వాదం మరొకటి. 1980, 90ల నాటి ఉక్కు మౌంటెన్ బైకు యువతకు బాగా నచ్చుతోంది. తక్కువ ధరకు దొరుకుతుంది, గట్టిది, లావు టైర్లు పడతాయి. దానికి వంపు హ్యాండిల్ బిగించి, క్యారియర్ పెట్టి, ఆఫీసుకూ దూరప్రయాణాలకూ వాడుకుంటున్నారు. అచ్చంగా పాత సామానే ఉండాలనే పెద్దలకు ఇది కంటగింపు. స్టిక్కరు కూడా ఆనాటిదే కావాలంటారు వాళ్లు. వాళ్ల శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. తొలినాటి బ్రీజర్ లాంటి అరుదైన సైకిలును ఎవరూ ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు కాపాడాలి. వేలల్లో తయారైన మామూలు సైకిలు సంగతి వేరు. వంపు హ్యాండిల్ కొత్త పాపమేమీ కాదు. 1990లో జాన్ టోమాక్ ప్రపంచస్థాయి మౌంటెన్ బైక్ పోటీల్లో వంపు హ్యాండిల్‌తోనే తొక్కాడు. అన్నిటికీ మించి, ఈ క్రీడ పుట్టిందే పేపర్ కుర్రాడి సైకిలు మడ్‌గార్డులు పీకేసిన చేతులతో. పాత సైకిలును తన అవసరానికి మార్చుకునే ఇరవై ఏళ్ల పిల్ల రీప్యాక్ సంప్రదాయానికి అసలైన వారసురాలు. ఆమెను గడప దగ్గర ఆపితే ఆ బృందం తన చరిత్రనే కాదన్నట్టు.

2015 జూన్ 6, ఫెయిర్‌ఫాక్స్

మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ 1988లో క్రెస్టెడ్ బ్యూట్‌లో మొదలైంది. పాతికేళ్లు దాటాక దాన్ని ఆ ఊరి నుంచి తరలించాల్సి వచ్చింది. ఫెయిర్‌ఫాక్స్ చేతులు చాచింది. ఊరి ప్రధాన వీధిలో జో బ్రీజ్, ఓటిస్ గై, మార్క్ వెండెట్టి వంటి తొలితరం మిత్రులు కలిసి మరిన్ మ్యూజియం ఆఫ్ బైసిక్లింగ్ నెలకొల్పారు. 2015 జూన్ 6న తలుపులు తెరిచారు. నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. ఓ మామూలు రోజున లోపలికి వెళ్లిన వారికి ఆ సైకిళ్లను కట్టినవాళ్లే, రీప్యాక్ దిగినవాళ్లే ఎదురొచ్చి కథ చెప్పే మ్యూజియాలు ప్రపంచంలో ఎన్నుంటాయి?

ఆ మ్యూజియం పెట్టిన తీరులో ఒక తెలివి ఉంది. తమ 1970లతోనే కథ మొదలైందని వాళ్లు చెప్పుకోలేదు. పందొమ్మిదో శతాబ్దపు సైకిళ్ల సేకరణను కూడా పక్కనే పెట్టారు. అది చూసిన వారికి అర్థమవుతుంది, మట్టి దారుల మీద సైకిలు తొక్కడం తారు రోడ్ల కంటే పాతదని. అప్పట్లో అందరికీ ఉన్నవి మట్టిదారులే కదా. తమకు ముందున్న వారికి పెద్ద పీట వేసినవాళ్లే తమ తర్వాత వచ్చేవారికి చోటివ్వగలరు.

అంతకు మూడేళ్ల ముందు, 2012లో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలోని మ్యూజియంలో బ్రీజ్ ఒక ప్రదర్శన తీర్చిదిద్దాడు. దాని పేరు ‘ఫ్రమ్ రీప్యాక్ టు రువాండా’. రువాండా ఎందుకు? రీప్యాక్ రోజుల నుంచి ఫ్రేములు కడుతున్న టామ్ రిచీ 2005లో ఆ దేశం వెళ్లాడు. కర్రతో చేసిన బండ్ల మీద కొండదారుల్లో బరువులు మోసుకెళ్లే జనాన్ని చూశాడు. కోసిన కాఫీ పండ్లను గంటల్లో శుద్ధి కేంద్రానికి చేర్చకపోతే రుచి, ధర రెండూ పడిపోతాయి. బస్తాలు మోయగలిగేలా వెనకభాగం పొడుగ్గా ఉండే కాఫీ సైకిలును అక్కడి రైతుల కోసం రూపొందించాడు. కొండ దిగే సరదా కోసం నేర్చుకున్న విద్య కొండ మీది రైతు పంటను మోసింది. బ్రీజ్ కూడా 2000ల్లో ఊళ్లో తిరగడానికి, ఆఫీసుకు వెళ్లడానికి పనికొచ్చే సైకిళ్ల వైపు మళ్లాడు. కాలంతో నడవడమంటే ఇదే. తమకు తెలిసిన పనిని ఇవాళ అవసరం ఉన్న చోటికి తీసుకెళ్లడం.

బెంచీ మీద ఎవరూ కూర్చోరు

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి ఒడ్డున బర్క్‌లీ హైస్కూలు. 1990ల చివర్లో అక్కడ మాట్ ఫ్రిట్జింగర్ అనే టీచరు పిల్లలతో సైకిల్ జట్టు కట్టాడు. 2001లో ఉత్తర కాలిఫోర్నియా హైస్కూళ్లన్నిటికీ కలిపి మౌంటెన్ బైక్ లీగ్ మొదలైంది. 2009లో జాతీయ సంఘమైంది. ఇవాళ ఇరవైకి పైగా రాష్ట్రాల్లో వేలాదిమంది పిల్లలు అందులో తొక్కుతున్నారు. దాని నియమం ఒకటుంది. ఆటకు ఎంపిక కాని పిల్లలంటూ ఉండరు, ఎవరూ బెంచీ మీద కూర్చోరు. వచ్చిన ప్రతి పిల్లా పోటీలో దిగుతుంది. ముందొచ్చిన పిల్లవాడి పాయింట్లు, ఆఖరుకొచ్చిన పిల్లవాడి ప్రయత్నం రెండూ జట్టువే. మరిన్ హైస్కూళ్లలోనూ పెద్ద పెద్ద జట్లు తయారయ్యాయి. తాతల కాలంలో జరిమానాలు పడిన కొండల కిందే మనవల వయసు పిల్లలు స్కూలు చొక్కాలు వేసుకుని సాధన చేస్తున్నారు.

ఆ పిల్లల్లో ఎవరికీ రీప్యాక్ జ్ఞాపకం కాదు. 26 అంగుళాల చక్రం, బొటనవేలి మీట వాళ్లు ఎరగరు. వాళ్లకు పాత సైకిలు మీద ప్రేమ పుట్టాలంటే ఉపన్యాసం చాలదు. ఒక్కసారి తొక్కాలి. కుదుపులన్నీ నేరుగా మణికట్టుకు తగిలే ఆ ఫోర్కుతో ఓ మట్టిదారి దిగితే, ఇప్పటి సైకిలులో ప్రతి భాగమూ ఎవరి ఏ బాధకు మందుగా పుట్టిందో ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత పెద్దాయన చెప్పే కథ చెవికెక్కుతుంది, బెంచీ వైస్ దగ్గర నిలబడాలనిపిస్తుంది.

పాత సైకిళ్ల సంఘాలు ఎందుకు పలచబడుతున్నాయని అక్కడి పెద్దలు తరచూ బాధపడుతుంటారు. ధరలు పెరిగాయని, సామాన్లు దొరకడం లేదని, కుర్రాళ్లకు ఓపిక లేదని కారణాలు చెబుతారు. సామాన్ల సంగతి నిజమే అయినా, 26 అంగుళాల టైర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. కుర్రాళ్ల ఓపిక మీద మాత్రం ఆ మాట అన్యాయం. గ్రీజు కాలిపోయిన ప్రతిసారీ చక్రం విప్పుకున్నవాళ్లూ ఒకనాటి కుర్రాళ్లే. వాళ్లకు ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది? పక్కన స్నేహితులుండటం వల్ల, ఆ సైకిలు తమ చేతుల్లో ఉండటం వల్ల.

అందుకే నాకు తోచేది ఒక్కటే. అపురూపమైన పాత సైకిలు ఉన్న ప్రతి ఒక్కరూ, దాన్ని కొత్తవారి చేతికి ఇవ్వాలి. వాళ్లకు తగ్గట్టు సీటు ఎత్తు సరిచేసి, బ్రేకు ఎలా పట్టాలో చూపించి, కొండ దాకా తోడు వెళ్లాలి. పెయింటు మీద గీత పడుతుందేమో. పడనివ్వండి. గీతను ఏ మేస్త్రీ అయినా పోగొట్టగలడు. తొక్కేవాళ్లే లేకుండా పోతే ఆ లోటు పూడ్చే మేస్త్రీ ఎక్కడా దొరకడు.